జెండా లేని దొర

త్సుయాకి, మీ ఆయన కగెమిత్సు రాస్తున్నాను. నేనూ, నా నూట ఎనభై పడవలూ క్షేమం. యుద్ధమని ఎవరైనా చెప్తే నమ్మకు. ఈ నెలలో నన్ను గాయపరిచింది చేపముల్లొక్కటే.

మొన్న పొద్దున ఎర్రచేప పట్టాలని పాతబట్టలు కట్టుకుని చిన్న పడవలో ఒక్కణ్ణే వెళ్లాను. జలసంధి దగ్గర మన కాపలా పడవే అడ్డం వచ్చింది. కొత్తగా చేరిన ముసలి మోసుకె, "మా దొర ముద్ర ఉన్న జెండా ఏదిరా?" అన్నాడు. నేనే దొరనన్నాను. "నిన్న ఒకడొచ్చి రాజుగారి మేనల్లుణ్ణన్నాడు. కూర్చుని ఈ చేపలు తోము!" అన్నాడు. మధ్యాహ్నం దాకా తోమాను. చుక్కాని పట్టే గెంపచి నన్ను వెతుక్కుంటూ వచ్చి, "అయ్యో దొరా!" అంటూ పొట్ట పట్టుకుని నవ్వాడు. మోసుకె మాత్రం తగ్గలేదు. "దొరైతే ఏంటంట? జెండా లేకపోతే ఎవణ్ణీ వదలొద్దని చెప్పింది ఈయనేగా!" అన్నాడు. అక్కడికక్కడే ఆ జలసంధి కాపలాకి అతన్నే పెద్దని చేశాను.

అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయి? పడమటి గది ఇంకా కురుస్తోందా? ముల్లంగి ఊరగాయ ఒక జాడీ పంపు. గెంపచికి చూపించను. అమ్మకు నా దండాలు, పాపకు ఆశీస్సులు.

వచ్చే నెల పాపకి అన్నం ముట్టించే రోజుకి తప్పకుండా వస్తాను. కానీ దారిలో మోసుకె ఉన్నాడు. ఈ సముద్రంలో తిరిగే పడవలన్నిటికీ జెండాలు కుట్టిచ్చావు, మన ముద్ర కూడా నీ పెట్టెలోనే ఉంది. నాకూ ఒకటి కుట్టి పంపవే. లేకపోతే పాప మొదటి ముద్ద మింగే వేళకి నేనక్కడ చేపలు తోముతూ ఉంటాను.