నాలుగో నంబరుకు అరగంట

హరీ... అల్లుడూ...

నువ్వు పోయి నిన్నటికి పదకొండు నెలలు. ఎట్లా ఉన్నావని అడిగితే "ఇదేం ప్రశ్న మామా" అని నవ్వుతావు. అయినా అడుగుతున్నాను. ఎట్లా ఉన్నావురా?

ముందు నీకు నచ్చే సంగతి చెబుతాను. షెడ్డు మళ్ళీ తెరిచాను. మౌసు పట్టుకుంటే పలక తుడుస్తున్నట్టు ఉంటుందని నువ్వు వెక్కిరించిన ఈ మామే ఇప్పుడు కౌంటర్‌లో కూర్చుంటున్నాడు. నీ ఎనిమిది కంప్యూటర్లూ భద్రంగా ఉన్నాయి. మధ్యాహ్నం కాలేజీ వదలగానే కుర్రాళ్ళు వస్తున్నారు. నాలుగో నంబరు తప్ప అన్ని కుర్చీలూ నిండుతున్నాయి. అందులో కూర్చోవద్దని నేనెవరికీ చెప్పలేదు. ఎందుకో ఎవరూ కూర్చోరు.

గోడ వారన మిగిలిపోయిన పలకల దొంతరలు అట్లాగే ఉన్నాయి. పలకల వ్యాపారం పడిపోయి మిషన్లు అమ్మేసినప్పుడు ఈ షెడ్డుకు తాళం వేద్దామనుకున్నాను. నువ్వే వేయనివ్వలేదు. "మార్కాపురం ఎండల్లో ఇంత చల్లటి చోటు ఇంకోటి లేదు మామా. మనుషులకు పనికిరాకపోతే కంప్యూటర్లకు ఇయ్యి" అన్నావు. సరే, నాలుగు రోజులు చూద్దాంలే అనుకున్నాను.

ఎన్ని అభిప్రాయాలురా నీకు! సోఫాలు వేసి, నీలం లైట్లు పెట్టిన గేమింగ్ సెంటర్ ఎక్కడో చూసొచ్చి వారం రోజులు తిట్టావు. "లైట్లు ఆడవు మామా, మనిషి ఆడతాడు. నడుం నొప్పి పుట్టని కుర్చీ, ఆగిపోని నెట్టు ఇస్తే వాడికి చాలు." సినిమా హాల్లో మూడు గంటలు కూర్చుంటే లేని తప్పు ఇక్కడ గంటసేపు ఆడితే ఎట్లా వచ్చిందని మా అక్కతో, అదే మీ అమ్మతో, రోజూ వాదన. బాగా నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌కు అప్‌డేట్ వచ్చిందంటే చాలు, ఇంటిమీదికి ఎవరో తగాదాకు వచ్చినట్టు మొహం పెట్టేవాడివి.

బయట దొరికేవి ఏవీ నచ్చక, సెంటర్ నడపడానికి సాఫ్ట్‌వేర్ కూడా నువ్వే రాసుకున్నావు. నాకు అర్థమయ్యేదాకా మార్చి మార్చి రాశావు. "మా మామ తడుముకోకుండా నొక్కినాడంటే ఇంక లోకంలో ఎవరైనా నొక్కుతారు" అని అందరి ముందూ నా పరువు తీశావు. కౌంటర్ తెర మీద ఒక్కో కంప్యూటర్ పక్కన తెలుగులో రెండే రెండు పెద్ద బటన్లు. పెంచు. ఆపు.

ఆపు నొక్కితే, నిజంగా ఆపాలా అని ఒకసారి అడగదా అని అప్పుడే అడిగాను నేను. మండిపడ్డావు. "అడిగిందే అడిగే సాఫ్ట్‌వేర్ అంటే నాకు ఒళ్ళుమంట మామా. మనిషి నొక్కినాడంటే తెలిసే నొక్కినాడు."

తర్వాత ఆ పలకల దొంతరల మధ్య కూర్చుని నీ గొంతు రికార్డు చేశావు. అక్కడైతే గొంతు మోగకుండా శుభ్రంగా వస్తుందన్నావు. ఏ బటన్ నొక్కినా స్పీకర్లో నువ్వే పలికేవాడివి. "రెండో నంబరు, అయిదు నిమిషాలే ఉండాయి, సేవ్ చేసుకో నాయనా." కుర్రాళ్ళు ఆ మాటను అచ్చం నీలాగే అని నవ్వుకునేవాళ్ళు.

మూడు నెలలు మూసిపెట్టి షెడ్డు తెరిచిన రోజు సుభానిని పిలిచాను. గిద్దలూరులో సెల్‌ఫోన్ల దుకాణం పెట్టుకున్న నీ స్నేహితుడే. నేను భరించలేనని చెప్పి నీ గొంతు తీయించేశాను. ఆ రోజు నుంచి బటన్ నొక్కినా స్పీకర్లో చప్పుడు లేదు.

వారం గడిచింది. ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. కుర్రాళ్ళు టీ తాగడానికి బయటికి వెళ్ళారు. కాసేపటికి కరెంటు వచ్చింది, కంప్యూటర్లు ఒక్కొక్కటే లేచాయి. షెడ్డులో నేనొక్కణ్ణే. అప్పుడు స్పీకర్లో నువ్వు...

"కరెంటు వచ్చింది. నాలుగో నంబరు నాది, ఎవురూ కూసోవద్దు."

నాలుగో నంబరు తెర మీద నీ ఆట తెరుచుకుంది. దాని ముందున్న కుర్చీ కొంచెం తిరిగింది. ఫ్యాను గాలికేనా? ఇరవై అయిదు నిమిషాలు చడీచప్పుడూ లేదు. అంతలో మళ్ళీ నువ్వు. "నాలుగో నంబరు, అరగంట పెంచినాం." ఇంకో రెండు నిమిషాలకు, "నాలుగో నంబరు, కౌంటర్ కాడ ఆపేసినారు." తెర నల్లబడిపోయింది.

కౌంటర్‌లో నేనే ఉన్నాను. నా చెయ్యి మౌసు మీద లేదు.

సుభాని పరుగున వచ్చాడు. "బయపడాకు మామా. అన్నిటినీ నడిపే ఈ కౌంటర్ కాడి పెద్ద కంప్యూటర్లో రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఒకటి ఉంటాది. మూణ్ణెల్లు ఊరికే పడి ఉండి అది చచ్చిపోయింది. కరెంటు పోతే దీనికి తేదీ గుర్తుండదు" అన్నాడు. నువ్వు రాసిన ప్రోగ్రాం తెరిచి ఒకచోట చూపించాడు. నువ్వే రాసుకున్న మాటలు. "తేదీ తప్పుంటే నమ్మొద్దు. నేను చివరిసారి లాగిన్ అయిన రోజే నిజం. అక్కడినుంచి నడిపించు." కరెంటు పోయినా ఆడేవాడి టైం పోకూడదని నువ్వు చేసుకున్న ఏర్పాటట.

ఆ చివరి రోజు శనివారం. నాలుగింటికి కరెంటు పోయి వచ్చింది. నువ్వు లాగిన్ అయ్యావు. ఆ తర్వాత జరిగిందంతా అదే వరసలో, అదే ఎడంతో అది మళ్ళీ జరిపిస్తోంది. సుభాని నీ గొంతును ఆపాడే గానీ చెరపలేదట, అందుకే ఆ రోజున్న నీ గొంతుతో సహా.

తేదీ సరిచేస్తే అప్పటికి ఆగిపోతుందని ఎట్లా చేయాలో చూపించాడు. "బ్యాటరీ మార్చేద్దునా మామా, రెండు నిమిషాల పని" అన్నాడు. వద్దన్నాను. నీ గొంతు పోతుందనే వద్దన్నానని అనుకున్నాను. నిజంగా అందుకేనా?

ఆ శనివారం సంగతి నీకు తెలిసిందే. అయినా ఒక్కసారి నా చేత్తో రాయనీ. నువ్వు ఆటలో ఉన్నావు. బేస్తవారిపేటలో ఒకాయన ఇంటి ముందు పరచడానికి పలక రాళ్ళు కావాలన్నాడు. ఆరింటిలోపు నమూనాలు చూపించాలి. ఎన్నాళ్ళకో వచ్చిన బేరం. నాకా మోకాలు వాచి ఉంది. నిన్ను పొమ్మన్నాను. "ఇంకో అరగంట మామా, ఇప్పుడు లేస్తే నన్ను నమ్ముకున్న నలుగురూ ఓడిపోతారు" అని టైం పెంచుకున్నావు. నాకు కోపం వచ్చింది. నొక్కాను. ఆపు.

అది నన్నేమీ అడగలేదు. నువ్వు మాత్రం నా వైపు తిరిగి నవ్వావు. "సేవ్ కూడా చేసుకోనియ్యలేదు గదా మామా." అంతే. నమూనాల సంచి బండికి తగిలించుకుని వెళ్ళావు. కంభం ఇవతల లారీ...

అరగంట ఆలస్యంగా బయలుదేరి ఉంటే ఆ లారీ ఎక్కడ ఉండేదిరా?

మీ అమ్మ అడిగినప్పుడు, వాడే పోతానన్నాడక్కా, నేను వద్దనే అన్నాను అని చెప్పాను. ఆ ఏడుపుల మధ్య నోటికి అదే వచ్చింది. ఆ తర్వాత అందరికీ అదే చెప్పాను. చెప్పగా చెప్పగా నాకే నిజంగా అట్లా జరిగినట్టు అనిపించేది. షెడ్డులో నీ గొంతు మాత్రం ఒప్పుకోలేదు. అందుకే కరెంటు రావడం ఆలస్యం, ఉరుకులు పరుగుల మీద తేదీ సరిచేసేవాణ్ణి. ఇరవై అయిదు నిమిషాలలోపు. ఒక్కసారి కూడా తప్పలేదు.

ఒకరోజు మీ అమ్మ నాకు అన్నం తెచ్చిన వేళకే కరెంటు పోయి వచ్చింది. "నాలుగో నంబరు నాది" అన్నావు నువ్వు. ఆమె కేక వేయలేదు. ఏడవలేదు. నేను తేదీ మార్చబోతే నా మణికట్టు పట్టుకుంది. "ఉండనీరా. నా కొడుకు ఏం చెప్తాడో విననీ." ఆ ఇరవై అయిదు నిమిషాలూ ఎట్లా గడిచాయో నాకు తెలుసు. పెంచినాం అన్నావు, విన్నది. ఆపేసినారు అన్నావు, విన్నది. లేచి వెళ్తూ, "మల్లా ఎప్పుడు పోతాది కరెంటు?" అని మాత్రం అడిగింది.

మర్నాటి నుంచి రోజూ వచ్చేది. కరెంటు పోని రోజున తనే వెళ్ళి మెయిన్ స్విచ్చి దించేది. కాసేపు ఆగి ఎత్తేది. మొదట్లో కుర్రాళ్ళు గొణిగారు. తర్వాత ఆమె గుమ్మంలోకి రాగానే ఎవరి ఆట వాళ్ళు సేవ్ చేసుకుని బయటికి వెళ్ళిపోయి రోడ్డు పక్కన నిలబడేవాళ్ళు. ఆ అరగంట ఎవరూ లోపల ఉండేవాళ్ళు కాదు. నేనూ, ఆమే, నువ్వూ.

వస్తూ జొన్నరొట్టె, పచ్చడి డబ్బాలో పెట్టి తెచ్చి నాలుగో నంబరు కీబోర్డు పక్కన పెట్టేది. సాయంత్రం తీసుకుపోయేది. ఆ డబ్బా బరువుగా ఉందో తేలికగా ఉందో నేనెప్పుడూ ఎత్తి చూడలేదు. ధైర్యం లేక.

ఒక్క సంగతి నాకు అంతుపట్టేది కాదు. నీ పక్కనే కూర్చునేది గానీ నీ తెర వైపు చూసేది కాదు. కుర్చీ తిప్పుకుని కౌంటర్ వైపు కూర్చునేది. నీ గొంతు వినపడుతున్నంతసేపూ నన్నే చూసేది.

పోయిన నెల, సంవత్సరీకానికి అయ్యవారితో మాట్లాడొస్తానక్కా అన్నాను. "యాల? నాలుగో నంబరు నాది అంటన్నాడు గదా. ఉన్నోడికి సంవత్సరీకమేంది?" అన్నది. నా అక్క మనసు చెదిరిపోతోందని, దానికి నేనే కారణమని అనుకున్నాను. సుభాని చేత బ్యాటరీ తెప్పించాను. ఆమెకు తెలియకుండా మార్చేద్దామని చొక్కా జేబులో వేసుకున్నాను. రెండు వారాలు అది జేబులోనే ఉంది. చెయ్యి రాలేదు.

నిన్న కూడా వచ్చింది. మెయిన్ దించింది, ఎత్తింది. నీ మాటలు మూడూ అయిపోయాయి. ఎప్పుడూ లేనిది, నోరు తెరిచి అడిగింది.

"ఆ పొద్దు కౌంటర్ కాడ ఎవురున్నార్రా?"

ఎవరో కుర్రాడని చెప్పొచ్చు. గుర్తులేదనొచ్చు. నాలుగో నంబరు కుర్చీ వైపు చూశాను... ఇంక నావల్ల కాలేదు అల్లుడూ. రాళ్ళ సంగతి, మోకాలి సంగతి, నా కోపం, నేను నొక్కిన బటన్, అన్నీ చెప్పేశాను. వాడు పోతాననలేదక్కా, నేనే పంపించినా అని చెప్పి చంటిపిల్లాడిలా ఏడ్చాను.

మీ అమ్మ మెల్లగా అన్నది. "మొదటి దినమే తెల్సులేరా నాకు. వాడు ఆటలో ఉంటే ఈ కౌంటర్లో నువ్వు గాక ఎవురు కూసుంటారు? నీ నోటెంట ఎప్పుడొస్తాదా అని చూస్తా ఉండా."

అన్ని రోజులూ ఆమె మెయిన్ దించింది నీ కోసం కాదురా. నా కోసం.

వెళ్తూ గుమ్మంలో ఆగింది. "ఇంక ఆ బ్యాటరీ మార్చు. జేబులో ఎన్నాళ్ళు మోస్తావు? అయ్యవారితో నేనే మాట్లాడతా." నాలుగో నంబరు దగ్గర పెట్టిన డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. బరువుగానే ఉంది. నన్ను క్షమించిందా? ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. ఆ చల్లారిన రొట్టె కూర్చుని తిన్నాను.

ఈ రోజు పొద్దున సుభాని వచ్చాడు. వాడు చెబుతుంటే నేనే పెద్ద కంప్యూటర్ విప్పి నా చేత్తో బ్యాటరీ మార్చాను. లోపలంతా సన్నటి పలక పొడి. తుడిచి మూత బిగించాను. మెయిన్ దించి ఎత్తాం. ఈ రోజు తేదీయే వచ్చింది. నువ్వు పలకలేదు. అలవాటుగా ఇరవై అయిదు నిమిషాలు లెక్కపెట్టాను. నాలుగో నంబరు తెర చీకటిగానే ఉంది. ఇన్నాళ్ళూ నేను తప్పించుకు తిరిగిన గొంతు కోసం చెవులు రిక్కించి కూర్చున్నాను, చూడు.

అప్పుడు సుభానిని రెండు పనులు అడిగాను. నీ గొంతు మళ్ళీ పెట్టమన్నాను. రెండోది నీకు కోపం తెప్పిస్తుంది. ఆపు నొక్కితే ఇకమీదట ఒక్కసారైనా అడిగేట్టు చేయమన్నాను. ఎవరి గొంతు పెడదాం మామా అంటూ వాడు నీ రికార్డింగులు ఒక్కొక్కటే తెరుస్తూ పోయాడు. అట్టడుగున ఒకటి దొరికింది. ఎక్కడా వాడనిది. వాడు వినిపించాడు.

"నిజంగా ఆపాలా మామా?"

ఎప్పుడు రికార్డు చేశావురా అది? నేను అడిగిన రోజేనా? నన్ను అంతలా తిట్టి, తర్వాత ఆ పలకల మధ్య కూర్చుని నా కోసం ఒక్కడివే చెప్పుకున్నావా? చెప్పినవాడివి మరి ఎందుకు పెట్టలేదు?

సాయంత్రం నాలుగూ ఇరవై అయిదుకు నాలుగో నంబరుకు పెంచు నొక్కాను. "అరగంట పెంచినాం" అన్నావు. కొత్త ఏర్పాటు పనిచేస్తోందో లేదో చూద్దాం, ఆపు కూడా ఒకసారి నొక్కు మామా అన్నాడు సుభాని. నొక్కాను. నువ్వు అడిగావు.

సుభాని గిద్దలూరు బస్సుకు వెళ్ళిపోయాడు. కుర్రాళ్ళు ఆడుకుంటున్నారు. నేను కౌంటర్‌లో కూర్చుని నీకు ఇది రాస్తున్నాను. తెర మీద నీ ప్రశ్న ఇంకా అట్లాగే ఉంది. అవును, కాదు అని కింద రెండు బటన్లు. కాదు నొక్కాను. రోజూ ఈ వేళకు నీ అరగంట నీకు పెంచుతాను. నేనున్నన్నాళ్ళూ ఈ కౌంటర్ కాడ ఎవ్వరూ ఆపరు.

నిదానంగా ఆడుకో. సేవ్ చేసుకుని లే.

మీ మామ