గెడ్డ దాటని గీతలు

విజయనగరం,
ఆగస్టు, 2015.

ప్రియమైన రాంబాబు బావకి,

ఫోన్ చేస్తే రెండు మాటలకే "కొట్లోకి బేరమొచ్చింది, ఉంటానమ్మా" అంటావు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఇది నువ్వు మధ్యలో పెట్టెయ్యలేవు.

నా ఉద్యోగమేమిటో నీకెప్పుడూ సరిగా చెప్పలేదు. ఏ ఊరివాళ్లు ఏ ఊరికి, ఏ దారిన వెళ్తున్నారో కంప్యూటర్లో మ్యాపు మీద గీతలుగా చూపించడం మా పని. బస్సులు, ఆటోలు, అంబులెన్సులు తిరిగిన వివరాలు ఎక్కిస్తే, జనం బాగా తిరిగే దారిలో గీత లావుగా వస్తుంది. తిరగని చోట అసలు రాదు. ఎక్కడ రోడ్డు కావాలో, ఎక్కడ వంతెన కావాలో అది చూసి ప్రభుత్వానికి రాస్తాం.

పోయిన వారం మీ పాత ఊరు కొండవలస నా వంతుకి వచ్చింది. ఊరి పక్కన పారే వాగు, అదే మీ గెడ్డ, దాని మీదుగా బొబ్బిలికి గీతే లేదు. మా ఆఫీసు పెద్దాయన జగన్నాధం గారు చూసి, "అటు ఎవరూ వెళ్లటం లేదు కదమ్మా, వంతెన ఎవరికి?" అన్నారు. "వెళ్లక కాదండీ, వెళ్లలేక. సర్వే వానల్లో చేశారు" అన్నాను. పాత వివరాలు తెప్పించి నెలలవారీగా వేశాను. ఎండాకాలంలో గెడ్డ మీద గీత లావుగా ఉంది. వానలు మొదలయ్యాక అది మాయమై, చుట్టుదారి గీత లావెక్కింది. ఆయన అది చూసి, "వంతెనల జాబితాలోంచి ఈ ఊరిని తియ్యకు" అన్నారు.

తరవాత చేసిన పని ఆయనకి కూడా చెప్పలేదు. అక్క చనిపోయిన సంవత్సరం, ఆ శ్రావణమాసం వివరాలు విడిగా తీశాను. ఆ నెలంతా ఒక్క బండి కూడా గెడ్డ దాటలేదు బావా. అంబులెన్సులు కూడా చుట్టూ తిరిగే వెళ్లాయి.

ఇన్నేళ్లుగా అమ్మ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్పే మాట నీకు తెలుసు. "గెడ్డ దాటించు బాబూ అంటే, కొత్త జీపు ములిగిపోద్దని సుట్టు తిప్పినాడు. నా పిల్లని సంపేసినాడు" అంటుంది. అప్పుడు నేను విశాఖలో హాస్టల్లో ఉన్నాను. ఏం జరిగిందో నాకు తెలియదు. అమ్మ మాట నమ్మాలో, ఏమీ మాట్లాడని నిన్ను నమ్మాలో తెలియకుండా పెరిగాను. అక్క కూతురు భరణి బడికి వెళ్తోంది, అమ్మమ్మ మొహం ఎరగదు.

ఆదివారం ఈ మ్యాపు అమ్మ ముందు పెడతాను. నీ తప్పు లేదని అమ్మ ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే నేను ఆ ఇంట్లో ఉండను. మళ్లీ హాస్టలు చూసుకుంటాను. ఇది నిశ్చయం.

నీ మరదలు,
బిందు.

*

గజపతినగరం.

చిరంజీవి బిందుకి, మీ బావ ఆశీస్సులు.

నీ ఉత్తరం కొట్లో కూర్చునే చదివాను. బేరాలు కొట్లో పనిచేసే నూకయ్యకి అప్పజెప్పి లోపలికి పోయాను. ఆదివారం లోపు నీకు అందాలని వెంటనే రాస్తున్నాను.

ఆ రోజు సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. మీ అక్క అనూరాధని పురిటికి తీసుకెళ్దామని మీ అమ్మ వచ్చింది. నొప్పులు ముందే మొదలయ్యాయి. నేను జీపుని గెడ్డలోకి దింపాను బిందూ. ముందు చక్రాలు నీళ్లలో ఉన్నాయి. అత్త వెనకనుంచి నా భుజం పట్టుకుని, "వొద్దు బాబూ, అందరం కొట్టుకుపోతాం. ఎనక్కి తిప్పు. సుట్టు తిరిగెల్దాం" అంది. నేను తిప్పాను. బొబ్బిలి ఆసుపత్రికి చేరాక పాప పుట్టింది. మీ అక్కకి రక్తం ఆగలేదు.

పదోరోజున అందరి ముందూ అత్త, జీపు కోసం నేనే చుట్టు తిప్పానని అంది. నేను తలెత్తి చూశాను. ఆమె నావైపు చూడలేదు. అప్పుడే అర్థమైంది. ఆ మాట నామీద పెట్టకపోతే ఆమె బతకదు. నాకు చేతుల్లో పాప ఉంది. ఆమెకి ఏముంది? అందుకే ఊరుకున్నాను.

నువ్వు ఆ మ్యాపుతో నన్ను గెలిపించక్కర్లేదు. ఇల్లు వదిలే మాట అసలొద్దు. చూపించాలనుకుంటే ఆమె కోసం చూపించు. ఆమె చెప్పిందే సరైన దారి అని, ఆ వానలో వేరే దారి లేదని చెప్పు. నేను ఈ ఉత్తరం రాసినట్టు తెలియనియ్యకు.

మీ బావ,
రాంబాబు.

*

విజయనగరం,
సోమవారం.

బావా,

నువ్వన్నట్టే చేశాను. ల్యాప్‌టాప్ అమ్మ ఒళ్లో పెట్టి, "ఆ నెలలో ఎవరూ గెడ్డ దాటలేదమ్మా. చుట్టు తిరగడం ఒక్కటే దారి. ఎవరు చెప్పినా సరైన మాటే చెప్పారు" అన్నాను. నీ ఉత్తరం మాట ఎత్తలేదు.

అమ్మ ఆ చుట్టుదారి గీత మీద వేలు పెట్టి కొండవలస నుంచి బొబ్బిలి దాకా జరిపింది. "నిజివేనేటే?" అంది. నిజమేనన్నాను. అప్పుడు ఏడ్చింది బావా. అక్క పోయినప్పుడు కూడా అలా ఏడవలేదట. చివరికి తనే చెప్పింది. "తిప్పమన్నది నేనే. ఆడు కాదు. పిల్లడు ఒక్క మాట కూడా ఎదురాడలేదే" అంది.

కొండవలస వంతెన మా నివేదికలో చేరింది. మంజూరు అవుతుందో లేదో తెలియదు.

నేనిది రాస్తుంటే అమ్మ పక్కన వచ్చి కూర్చుంది. "ఏటి రాస్తన్నావు, మీ బావకేనా? ఆదివారం ఇద్దరం వస్తన్నామని రాయి. పిల్లకి ఏటి ఇష్టమో అడుగు, వొండుకొస్తాను" అంటోంది.

భరణికి ఏం ఇష్టమని చెప్పమంటావు?

నీ,
బిందు.