పంజరానికి కుట్టిన తొడుగు

మా పెద్దమ్మాయికి నాన్న దీవెనలు.

ఇక్కడ అందరం కులాసా. అందరం అంటే మీ నానమ్మ మోకాళ్ల నొప్పులూ, మీ అమ్మ చిరాకూ, నా కుట్టుమిషను మూలుగూ అన్నీ కలుపుకునే. నీ పశువైద్యం పరీక్షలు బాగా రాశావని తెలిసి ప్రాణం లేచొచ్చింది.

నువ్వడిగినవాటికి జవాబులు. చిలుకల పంజరం పడమటి కిటికీ దగ్గర నుంచి తీసి వెనక వసారాలో పెట్టాం. నీళ్లు పూటకు రెండుసార్లు మారుస్తున్నాం. కీరా ముక్కలు పెడితే పెద్దది తింటోంది, చిన్నది ఏరి నా మీదకు విసురుతోంది. దానికి అన్నీ నీ బుద్ధులే.

ఇక అసలు సంగతి. మొన్న ఎండ మాడ్చేసింది. చిలుకలను ఎండ నుంచి కాపాడమని నువ్వు రాసిన ఉత్తరం సగమే చదివి, ముప్పై ఏళ్లుగా ఊరందరికీ బట్టలు కుట్టేవాణ్ణి, రెండు చిలుకలకు నీడ చెయ్యలేనా అనుకున్నాను. పంజరానికి నాలుగు వైపులా కొలత తీసి, మందపాటి గుడ్డతో తొడుగు కుట్టి, అడుగున బొత్తాలు పెట్టాను. దారప్పోగు దూరేంత సందు కూడా లేదు. తడిపి తొడిగి, దూరం నుంచి చూసి మురిసిపోయాను.

మధ్యాహ్నం మీ నానమ్మ కేకేసింది. "ఒరేయ్, వాటి గోల వినపడట్లేదేంట్రా?"

పరుగెత్తాను. బొత్తాలు ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాను. "నీ కుట్టు తగలెయ్య! ఆ కత్తెర ఇలా తే!" అని ఆవిడే తొడుగును నిలువునా కోసేసింది. లోపల నుంచి ఆవిరి కొట్టింది. చిన్నది రొప్పుతోంది. పెద్దది అడుగున పడి, నోరు తెరుచుకుని, రెక్కలు ఒంటికి ఎడంగా చాచి ఉంది. నీకు ఎనిమిదో తరగతిలో కొనిచ్చిన చిలుక.

నీ ఉత్తరంలో మిగతా సగం అమ్మ గట్టిగా చదివింది, నేను చేశాను. చల్లటి గదిలోకి మార్చాను. ఐసు జోలికి పోకుండా మామూలు నీళ్లతో కాళ్లూ, రెక్కల కిందా తడిపాను. నోట్లో బలవంతంగా పొయ్యలేదు. వెంటనే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లాం. దారిలో పెద్దది కళ్లు తెరిచింది.

డాక్టరుగారు చూసి, "గండం గడిచింది. ఇవన్నీ మీకెవరు చెప్పారండీ?" అన్నారు.

"మా అమ్మాయండీ" అన్నాను.

మన దగ్గర బట్టలు కుట్టించుకునే టీచరమ్మ కుక్కపిల్లతో పక్కనే కూర్చుని ఉంది. "అదేంటి, మీ అమ్మాయి మనుషుల డాక్టరు కదా?" అంది.

ఇది నీకు చెప్పక తప్పదు. రెండేళ్లుగా కొట్టుకు వచ్చినవాళ్లందరి దగ్గరా నువ్వు మనుషుల వైద్యం చదువుతున్నావని కోతలు కోశాను. పశువులంటే నవ్వుతారేమోనని నామోషీ. ఆవిడ అలా అడిగేసరికి తల తీసేసినట్టయింది.

"కాదమ్మా, పశువుల డాక్టరే. ఇన్నాళ్లూ నేనే అబద్ధం చెప్పాను" అన్నాను.

అప్పటి నుంచి కొలతలకు వచ్చినవాళ్లకి అడక్కపోయినా చెబుతున్నాను. "ముందు వాళ్ల చెయ్యి కొలవండి, గొప్పలు తర్వాత" అని మీ అమ్మ దెప్పుతోంది. దెప్పనీ. నన్ను క్షమించమ్మా. చిలుకలు రెండూ క్షేమం.

ఇట్లు,
పశువుల డాక్టరమ్మ నాన్న