గరిఫలియా ఆస్తి పంపకం, కోర్టులో కుర్చీతో సహా

పెరామా ఓడల మరమ్మతు యార్డులో వెల్డర్‌గా పనిచేస్తున్న గరిఫలియా కలోయిరు అనే నేను, మతి నిమ్మళంగా, ఒళ్ళు గట్టిగా, కడుపు నిండుగా ఉండి, సొంత దస్తూరీతో రాస్తున్న వీలునామా ఇది. ఎవరి బలవంతమూ లేదని కూడా రాయాలట. ఉంది. మొన్న పొద్దున లేచేసరికి మా వీధి తలుపు మీద ఎవరో "సోమవారం లోపు వీలునామా రాసుకో" అని ఎర్ర రంగుతో రాసిపోయారు. ఓడ అడుగుకి నత్తలు పట్టకుండా పూసే రంగు అది. ఇక మా తలుపుకి ఈ జన్మలో నత్తలు పట్టవు. పెద్దల మాట వినదని నాకు పేరు. ఈ ఒక్కసారికి విన్నాను.

సోమవారం అంటే రేపే. ఇనుప డాలు అనే ముఠా వాళ్ళు మా రేవులో చేపలు పట్టే బిషోయ్‌ని ఎలా కొట్టారో రేపు పిరేయస్ కోర్టులో నేను చెప్పాలి. చెప్పకూడదని వాళ్ళ కోరిక. చెప్పే తీరతానని నాది. ఈలోగా నాకేమన్నా అయితే, నా ఆస్తి కింద రాసినట్టు పంచాలి. పంచే బాధ్యత మా అమ్మమ్మది. ఆమెతో వాదించి గెలిచినవాడు ఈ రేవులో లేడు.

1. మా అమ్మమ్మ ఎవంథియాకి నా మంచం, రేడియో, రాగి కాఫీ గిన్నె. యార్డుకి ఓడలు రావడం మానేసిన ఏడాది ఇనుప డాలు వాళ్ళు బంగాళాదుంపల లారీతో మా చౌరస్తాలో దిగారు. గ్రీకు గుర్తింపు కార్డు చూపించినవాళ్ళకే దుంపలు. అమ్మమ్మ వరుసలో నిలబడి, "మా అమ్మ స్మిర్నా నుంచి కాందిశీకురాలై పడవ దిగిననాడు ఏ కార్డు చూపించిందిరా, నాయనా?" అని అడిగింది. లారీ మీది నల్ల చొక్కా కుర్రాడు కార్డు సంగతి వదిలేసి దుంపలు తూచాడు. ఆమె సంచి నింపుకుని, సగం తెచ్చి బిషోయ్ భార్యకిచ్చింది. "ఉడకబెట్టి చూడమ్మా, ఏ జాతివో తెలుస్తుంది" అంది.

2. మా మామయ్య పాంతజీస్‌కి, అంటే అమ్మమ్మ కొడుకుకి, నా వెల్డింగు ముసుగు. ఎదురుగా జరిగేది కనపడకుండా ఉండాలంటే అంతకన్నా మంచి సరుకు లేదు. తన కాఫీ కొట్టు మీది గది ఆ ముఠాకి ఆఫీసుగా ఇచ్చింది ఈయనే. "కుర్రాళ్ళు బుద్ధిమంతులే పిల్లా, ముసలమ్మల్ని చెయ్యి పట్టుకుని రోడ్డు దాటిస్తున్నారు" అనేవాడు. దాటించారు. తరవాత గోడల మీద రాతలు రాశారు. తరవాత సంతలో పాకిస్తానీల బండ్లు తిరగేశారు. తరవాత ఇనుప కడ్డీలు పట్టారు. ఒక్కో మెట్టు ఎక్కుతుంటే మామయ్య కాఫీ పోస్తూనే ఉన్నాడు. అయినా నా మామయ్య. ముసుగుతో పాటు నా మంచి ఊలు మఫ్లరు కూడా ఆయనకే. చలికి దగ్గుతాడు.

3. ఈజిప్టు నుంచి వచ్చి మా రేవులో చేపల పడవ మీద పనిచేసే బిషోయ్‌కి, నేను ఇత్తడితో చేసిన వలలు కుట్టే సూది. పిడి లావుగా పెట్టాను, ఎందుకంటే అతని కుడిచేతి వేళ్ళు ఇప్పుడు పూర్తిగా ముడుచుకోవు. పట్టపగలు, గట్టు మీద కూర్చుని వల బాగుచేసుకుంటుంటే కొట్టారు. దవడ విరిగింది. నేను ఓడ పక్కన పరంజా మీద ఉన్నాను. ముసుగు ఎత్తి అంతా చూశాను. "ఆపండ్రా!" అని అరుస్తూ గ్రైండరు పట్టుకునే దిగాను. దాని తీగ సగం దారిలోనే ఊడిపోయింది. వాళ్ళకా సంగతి తెలియక పారిపోయారు. రేపు నేను చెప్పబోయేది ఇదే, మొహాలతో సహా. సూది అతనికి ముందే ఇచ్చేద్దామనుకున్నాను. ఇంకా నునుపు పెట్టాలి.

4. ఆ ముఠా నాయకుడు పెరియాండ్రోస్‌కి నా చిన్ననాటి బాతుబొమ్మ గాలి ట్యూబు. కెప్టెన్ అని పిలిపించుకుంటాడు, ఫెర్రీ ఎక్కితే వాంతి చేసుకుంటాడు. ట్యూబు ఎందుకో చెప్పాలి.

బిషోయ్‌ని కొట్టిన తరవాతి జనవరిలో, ఫాదర్ సముద్రంలోకి శిలువ విసిరే పండగనాడు, "ఈసారి శిలువ మన చేతికే రావాలి" అని కెప్టెన్ ఆజ్ఞ వేశాడు. జనం ముందు యూనిఫారం విప్పకూడదని కూడా వేశాడు. మామూలుగా ఆ పండగకి కుర్రాళ్ళు లాగుల మీద వణుకుతూ దూకుతారు. వీళ్ళు నల్ల చొక్కాలతో, బూట్లతో, వరుసగా, సెల్యూట్ కొట్టి మరీ దూకారు. బూట్లలోకి నీళ్ళు పోతే ఏమవుతుందో రేవులో పుట్టినవాడికి చెప్పాలా? జెండా పట్టుకున్నవాడు జెండాతో సహా మునిగాడు. కెప్టెన్ గట్టు మీద నుంచి "క్రమశిక్షణ! క్రమశిక్షణ!" అని కేకలు. పడవలో ఉన్న బిషోయ్ కొక్కెం కర్ర చాచి, జెండావాణ్ణి కాలరు పట్టి పైకి లాగాడు. మిగతావాళ్ళని మా వాళ్ళు తాళ్ళేసి లాగారు. ఆ గోలలో కొయ్య శిలువ తేలుకుంటూ వచ్చి బిషోయ్ పడవకే తగిలింది. అతను తీసి, ముద్దుపెట్టుకుని, ఫాదర్‌కి చూపించాడు. అతనూ క్రైస్తవుడే, కాకపోతే వాళ్ళ ఈజిప్టు చర్చి లెక్కలో ఆ పండగ ఇంకా రాలేదట.

శిలువ దొరికినవాడు దాన్ని పళ్ళెంలో పెట్టుకుని ఇంటింటికీ తిరగాలి. అమ్మమ్మ అతని చెయ్యి పట్టుకుని వీధంతా తిప్పింది. కెప్టెన్ ఇంటి ముందు కూడా ఆగింది. కెప్టెన్ తల్లి తలుపు తీసి, శిలువకి ముద్దుపెట్టి, బిషోయ్ చేతిలో తేనె కుకీలు పోసి, "నూరేళ్ళు బతుకు నాయనా, లోపలికి రా, గట్టు మీద చలేసిందట, మావాడి కాళ్ళింకా వేణ్ణీళ్ళలోనే నానుతున్నాయి" అంది. ఆవిడకి తెలిసి అందో, తెలియక అందో, వీధి వీధంతా పగలబడి నవ్వింది.

అక్కణ్ణుంచి ఇనుప డాలు తుప్పు పట్టడం మొదలైంది. వాళ్ళు కవాతు చేస్తే చాలు, బాల్కనీల్లోంచి ఆడవాళ్ళు "ఒరేయ్, ఈత నేర్చుకున్నారా?" అని అరిచేవాళ్ళు. నల్ల చొక్కాలు ఒక్కొక్కటే నేల తుడిచే గుడ్డలయ్యాయి. లారీ రావడం మానేసింది. భయం పోయాక జనం నోళ్ళు పెగిలాయి, కేసు కదిలింది. మామయ్య తన కొట్టు మీది గది ఇప్పుడు డాన్సు క్లాసుకిచ్చాడు. మిగిలిన నలుగురైదుగురే తలుపులకి రంగులేస్తున్నారు.

5. విరోనాస్‌కి, అంటే ఆ జెండావాడికి, నాతో ఒకే బల్ల మీద కూర్చుని చదువుకున్నవాడికి, తన జెండా కర్ర. సముద్రంలోంచి నేనే తీశాను. అమ్మమ్మ దాన్ని ద్రాక్ష పందిరికి ఊతం పెట్టింది. ఏడాదికి రెండు బుట్టల కాయ మోస్తోంది కనక, యాజమాన్యం నీది, కర్ర మాత్రం అక్కడే ఉంటుంది. పళ్ళు కోసుకో.

6. ఇక నాకున్న అసలు ఆస్తి: కోర్టులో సాక్షి కుర్చీ. అది ఖాళీగా ఉండటానికి వీల్లేదు. ఒక్కరి కళ్ళు చాలవని మా లాయరు అంటోంది. బిషోయ్‌ని కొట్టిన రోజు గట్టు మీద జెండా పట్టుకుని నిలబడ్డ ఇంకో జత కళ్ళున్నాయి. విరోనాస్, నువ్వు కొట్టలేదు. నేను చూశాను. కానీ ఇంతవరకు నోరు విప్పలేదు. నాకు నీమీద ఒళ్ళు మండిపోతోంది, నిన్ను నీళ్ళలోంచి లాగిన బిషోయ్‌కి మాత్రం మండటం లేదు. "వాడికి జలుబు తగ్గిందా?" అని అడుగుతాడు, అంతే. నాకేమన్నా అయితే ఆ కుర్చీ నీది. ఏమీ కాకపోతే నా పక్క కుర్చీ నీది.

సొంత దస్తూరీ వీలునామాకి సాక్షులు అక్కర్లేదని లాయరు చెప్పింది. చట్టానికి అక్కర్లేదేమో, నాకు కావాలి. ఈ కాగితం మీద సాక్షిగా సంతకం పెట్టినవాళ్ళు రేపు పొద్దున నాతో బస్సెక్కాలి. ఇదే షరతు.

రాసింది నేనే, చదివి వినిపించింది నేనే, నవ్వింది అమ్మమ్మ.

పెరామా, అక్టోబరు 9, 2016, ఆదివారం, భోజనాలయ్యాక.

సంతకం: గరిఫలియా కలోయిరు

సాక్షి: ఎవంథియా. (బస్సులో కిటికీ పక్క సీటు నాది.)

సాక్షి: పాంతజీస్. (ముసుగు వద్దు. మఫ్లరు చాలు. వస్తాను.)

సాక్షి: విరోనాస్. (ఆరో అంశం రెండుసార్లు చదివాను. జలుబు తగ్గిందని అతనికి నేనే చెబుతాను. బస్సు ఎన్నింటికి?)