లతను చరిత్ర చదవొద్దన్నాను

డిసెంబరు, ఆదివారం రాత్రి. హుకుంపేట.

ఒళ్లంతా నొప్పులు. సెలవు పెట్టి ఇంటికొస్తే పొద్దున్నుంచీ కాఫీపళ్లు కోయడమే సరిపోయింది.

ఇంటర్ అయ్యాక నాలాగే చరిత్ర చదువుతానంది చెల్లి లత, పక్క చెట్టు దగ్గర కోస్తూ. వెంటనే అనేశాను: "వద్దు. నర్సింగులో సేరు. ఉద్యోగం బేగి వస్తాది."

"మన కొండల సంగతి మనమే రాయాలని నువ్వే అన్నావు గదా అక్కా?"

అన్నాను. అప్పుడు ఎం.ఏ.లో ఉన్నాను. ఇప్పుడు అరకులో టూరిస్టులకు కాఫీపొడి అమ్ముతున్నాను. నర్సింగ్ చేసిన మేనత్త కూతురు ఊళ్లోకొస్తే బీపీ చూడమని అందరూ క్యూ కడతారు. నన్నెవరూ ఏమీ అడగరు.

"అయితే నువ్వు సదివింది దండగేటి?"

ఎత్తిపొడుపు కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగింది. దండగేనని నోటి దాకా వచ్చింది, అనలేకపోయాను. కాదని కూడా అనలేదు. చేతులు మాత్రం కోస్తూనే ఉన్నాయి.

సాయంత్రం అమ్మ నా బుట్టను నేల మీద పరిచిన పట్టా మీద గుమ్మరించి కేకేసింది. ఎర్రటి పళ్లతో పాటు పచ్చికాయలూ కోసేశాను. చిన్నప్పటి నుంచి కోస్తున్నదాన్ని, ఇలా ఎప్పుడూ చేయలేదు.

"ఏటే ఇది? సెట్టుకే ఉంచితే ఇవీ పండేవి గదే! కోసేసినాక ఇంక పండవు."

లత నా పక్కన కూర్చుని పచ్చివన్నీ ఏరింది. అన్నాల దగ్గర, నర్సింగుకి ఏ పరీక్ష రాయాలని అడిగింది. చెప్పాను.

తను చరిత్ర మాట మళ్లీ ఎత్తలేదు.