ఒకే విమానం, రెండు నంబర్లు, మధ్యలో అద్దం

విమాన సంస్థ ప్రయాణికుల సౌకర్యాల విభాగం ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

(అమ్మా అయినచో, అమ్మా. తమ సంస్థ వెబ్‌సైటులో తమ పదవి ఉంది గాని పేరు లేదు.)

విషయం: ఒకే విమానమునకు రెండు నంబర్లు ఉండుట వలన, తమ వెండి కార్డు గల ప్రయాణికురాలిని లాంజ్ లోనికి రానీయకపోవుట; తత్ఫలితముగా ఒక సంబంధము అద్దానికి అటూ ఇటూ నిలిచిపోవుట గురించి.

పై విషయమై తమకు మనవి చేసుకొనునది:

మా కాన్వెంటులో అర్జీ రాయడం నేర్పిన సిస్టరు గారు, అర్జీలో కన్నీళ్ళూ విశేషణాలూ ఉండరాదని చెప్పేవారు. ఆ రెండూ లేకుండా రాయడానికే ప్రయత్నిస్తున్నాను. ఎక్కడైనా కాలు జారితే మన్నించగలరు.

1. నేను న్యాయశాస్త్ర గ్రంథాలు ప్రచురించే సంస్థలో ప్రూఫులు దిద్దుతాను. అచ్చు పని జరిగేది వేరే ఊళ్ళో. కనుక ప్రతి సోమవారం ఉదయం తమ విమానంలో వెళ్ళి, వారం చివర రైల్లో తిరిగి వస్తాను. ఇలా తిరగ్గా తిరగ్గా తమ సంస్థ నాకు వెండి కార్డు ఇచ్చింది. ఆ కార్డు ఉన్నవారు లాంజ్‌లో కూర్చోవచ్చని దాని వెనక చిన్న అక్షరాల్లో ఉంది. చిన్న అక్షరాలు చదవడమే నా ఉద్యోగం. టికెట్ నంబరు ప్రసక్తి అందులో ఎక్కడా లేదు.

అయినా మొన్నమొన్నటి దాకా నేను ఆ లాంజ్ గడప తొక్కలేదు. కారణం తమ సంస్థ కాదు. లోపలికి వెళ్ళాలంటే గుమ్మం దగ్గర ఒక మనిషితో మాట్లాడాలి.

2. పళ్ళ డాక్టరు దగ్గర రోగులను వరసలో పిలిచే ఉద్యోగం మా మేనత్తది. నోరు తెరుచుకుని కుర్చీలో పడుకున్నవాళ్ళు దేనికీ కాదనలేరు గనుక, ఆవిడ అక్కడ చాలా సంబంధాలు కుదిర్చింది. అలా ఒకావిడ నోరు తెరిచి ఉన్న సమయంలో, ఆవిడ కొడుకు కూడా ప్రతి సోమవారం ఇదే విమానం ఎక్కుతాడనీ, అతని దగ్గరా వెండి కార్డు ఉందనీ అత్తయ్య తెలుసుకుంది. (నోరు తెరిచి ఉన్న మనిషి నుంచి ఇంత సమాచారం ఎలా రాబట్టిందో నాకు తెలియదు.) ఆయన ఎత్తయిన భవనాల్లో లిఫ్టులు తనిఖీ చేసే ఇంజనీరు.

"పైకీ కిందకీ తప్ప పక్కకి చూడని పిల్లాడే," అంది అత్తయ్య. "నువ్వేమో పుస్తకంలోంచి తల ఎత్తవు. మీ ఇద్దరికీ బజారులో ఎదురుపడే యోగం ఈ జన్మకి లేదు. ఆ లాంజ్‌లో సోఫాలుంటాయట, టీ ఉట్టినే ఇస్తారట. పోయి ఎదురెదురుగా కూర్చుని ఒక్క టీ తాగి రండి. నచ్చితే నచ్చాడను, లేకపోతే లేదను."

"ఫోన్లో మాట్లాడితే సరిపోదా అత్తయ్యా?"

"ఫోన్లో నువ్వు మాట్లాడతావా? నాతోనే మాట్లాడవు. నేను మాట్లాడుతుంటే ఊఁ కొడతావు."

ఊఁ అన్నాను.

3. మొదటి సోమవారం గుమ్మం దగ్గరి అమ్మాయికి కార్డు ఇచ్చాను. ఆమె చాలా మర్యాదస్తురాలు. (ఇది విశేషణమే. ఉంచుతున్నాను. ఈ అర్జీ వల్ల ఆమెకు మాట రాకూడదు.)

"మేడమ్, కార్డు మాదే. విమానం మాదే. మీరు కూర్చునే సీటు కూడా మాదే. టికెట్ నంబరు ఒక్కటే మాది కాదు."

"మరి ఎవరిదండీ?"

"మా భాగస్వామి సంస్థది. ఒకే విమానంలో టికెట్లు రెండు సంస్థలూ చెరో నంబరుతో అమ్ముకుంటాయండీ. కోడ్‌షేర్ అంటారు. మీ ఆఫీసు వాళ్ళ నంబరు మీద కొన్నది."

"అయితే వాళ్ళ లాంజ్ ఎక్కడుంది?"

ఆమె కాస్త ఇబ్బంది పడింది. "ఇదేనండీ. కానీ ఇది మాది."

అప్పటికే అద్దం గోడకు అవతల, పనిముట్ల సంచి కాళ్ళ దగ్గర పెట్టుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నారు. అత్తయ్య పంపిన ఫోటోలో కంటే భయంగా ఉన్నారు. ఎదురుగా బల్ల మీద రెండు కప్పులు. ఒక కప్పు మీద, చల్లారకుండా, సాసరు మూత పెట్టి ఉంది.

నేను అద్దానికి ఇవతల, షూ పాలిష్ మెషిను పక్కనున్న బెంచీ మీద కూర్చున్నాను. ఏం చెయ్యాలో తోచనప్పుడు నేను చేసే పనే చేశాను: సంచిలోంచి ప్రూఫు తీసి, ముఖానికి అడ్డం పెట్టుకున్నాను. అది 'విడాకుల చట్టం: తాజా సవరణలతో' అని తరువాత గమనించాను. అట్ట మీది అక్షరాలు పెద్దవి. ఆయన వైపుకే ఉన్నాయి.

4. విమానంలో మాట్లాడుకోవచ్చు కదా అని తమరు అడగవచ్చు. భాగస్వామి నంబరు వారికి తమరు కేటాయించేది చిట్టచివరి వరసలు. ఆయనకు ముందు వరస. దిగగానే లిఫ్టుల కంపెనీ వ్యాను ఆయనను తీసుకుపోతుంది. నేను దిగేసరికి వ్యాను వెనక దీపాలు మాత్రం కనిపిస్తాయి.

5. రెండో సోమవారం ఆయన ధైర్యం చేశారు. లోపలి నుంచి గుమ్మం దాకా వచ్చి, నా వైపు కాక నేల వైపు చూస్తూ, "ఈవిడ నా అతిథి" అన్నారు. నేను విన్న ఆయన మొదటి మాట అదే. వెండి కార్డు మీద ఒక అతిథిని వెంట తీసుకురావచ్చునని నియమం ఉంది. తరువాత జరిగిన సంభాషణ నాకు కంఠతా వచ్చింది గనుక యథాతథంగా రాస్తున్నాను.

"అతిథి మీతోపాటు అదే ఫ్లైటులో వెళ్ళాలి సార్."

"అదే ఫ్లైటండీ."

"నంబరు వేరు సార్."

"విమానం ఒకటే కదా?"

"విమానం ఒకటే సార్. ఫ్లైట్లు రెండు."

ఆయన కిటికీలోంచి చూపించారు. "అదిగో, అక్కడ నిలబడి ఉంది. దాన్నేనా మీరు రెండంటున్నది?"

"అదే సార్. అందులోనే మీరిద్దరూ వేరువేరు ఫ్లైట్లలో వెళ్తారు."

ఆయన జీవితమంతా లిఫ్టులతో గడిపిన మనిషి. ఒకే పెట్టెలో ఉన్న ఇద్దరు వేరువేరుగా ప్రయాణం చేయడం ఎలాగో ఆయనకు బోధపడలేదు. ఆయన ఇంకా ఆలోచిస్తుండగానే వెనక వరస పెరిగిపోయింది. చక్రాల సూట్‌కేసు పట్టుకున్న ఒక పెద్దాయన విసుక్కున్నారు:

"ఏమయ్యా, ఆలుమగలు ఇంట్లో తేల్చుకుని రావద్దూ? మా టీ చల్లారిపోతోంది."

ఆలుమగలు అన్న మాటకు ఆయన లోపలికి పారిపోయారు. నేను బెంచీకి పారిపోయాను. ఆ వారానికి అంతే.

6. ఈ విషయమై తమ సంస్థకు ముందే ఒకసారి రాశాను. "మీ అనుభవం మాకు అమూల్యం, నక్షత్రాలు ఇవ్వండి" అని జవాబు వచ్చింది. భాగస్వామి సంస్థకూ రాశాను. విమానం వాళ్ళది కాదు గనుక, దాన్ని నడిపేవాళ్ళనే అడగమన్నారు. రెండు జవాబుల్లోనూ నన్ను 'ప్రియమైన' అని సంబోధించారు. సంబంధం చూస్తున్న మనిషి ఇంతవరకు ఆ మాట అనలేదు. రెండు సంస్థలు అన్నాయి.

7. మూడో సోమవారం జరిగినదానికి పూర్తి బాధ్యత తమ సంస్థది కాదని ఒప్పుకుంటున్నాను.

నేను ఆఫీసులో బతిమాలి, పైన పడ్డది నేనే పెట్టుకుని, తమ సొంత నంబరు మీద టికెట్ మార్పించుకున్నాను. గుమ్మం దగ్గరి అమ్మాయి కార్డు గీకి, తనకే ఉద్యోగంలో పైమెట్టు దక్కినట్టు సంబరపడింది.

"వెళ్ళండి మేడమ్! ఈసారి అన్నీ మావే!"

లోపల సోఫాలున్నాయి. టీ ఉంది. ఆయన లేరు.

రెండు కప్పుల్లో టీ పట్టి, ఒకదాని మీద సాసరు పెట్టి కూర్చున్నాను. కాసేపటికి అద్దం మీద చిన్నగా చప్పుడైంది. తలెత్తితే, నా బెంచీ మీద, పనిముట్ల సంచితో ఆయన. నా పక్కన కూర్చోవాలని ఆయన కూడా టికెట్ మార్పించుకున్నారు, భాగస్వామి నంబరు మీదికి. తన బోర్డింగ్ పాసు అద్దానికి ఆనించి చూపించారు. నేను నాది చూపించాను. ఇద్దరం రెండు నంబర్లూ చదువుకున్నాం. గుమ్మం దగ్గరి అమ్మాయి నవ్వాపుకోలేక తల బల్లకు ఆనించేసింది.

నేను లేచాను అయ్యా. ఇది నమోదు కావాలి. రెండు కప్పులూ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళాను.

"మేడమ్, బయటికెళ్తే మళ్ళీ రానివ్వకూడదు. ఒక్కసారికే."

"ఫర్వాలేదండీ."

"కప్పులు బయటికి తీసుకెళ్ళకూడదు మేడమ్."

కప్పులు ఎక్కడ పెట్టాలా అని చుట్టూ చూస్తుండగా విమానానికి ఆఖరి పిలుపు వచ్చింది. ఒక విమానానికి రెండు నంబర్లు గనుక, రెండుసార్లు పిలిచారు. మొదట నన్ను, తరువాత ఆయనను. విమానంలో ఈసారి నేను ముందు వరస, ఆయన చిట్టచివర.

8. అత్తయ్యకు ఓపిక నశించింది.

"మూడు వారాల్నుంచి ఒక్క టీ తాగలేకపోయారా? వచ్చే మంగళవారం వాళ్ళమ్మ పన్ను పీకించుకోడానికి వస్తోంది. ఆవిడకి పక్కింటి టీచరమ్మ సంబంధం కూడా చెవిలో పడింది. ఆలోగా అవునో కాదో చెప్పు. పన్ను పీకాక ఆవిడ మాట్లాడలేదు, నేనడగలేను."

"ఆయన ఏమన్నారు?"

"అద్దంలోంచి బానే ఉందన్నాడట. నువ్వేమంటావు?"

ఏమంటాను? నాతో ఒక్క మాటైనా మాట్లాడని మనిషిని గురించి అవుననడం ఎలా? కప్పు మీద సాసరు మూత పెట్టిన మనిషిని గురించి కాదనడం మాత్రం ఎలా? నాకు పుస్తకాలలోని మనుషులు చాలామంది తెలుసు. వాళ్ళెవరూ నా కోసం టీ చల్లారకుండా చూడలేదు. సిస్టరు గారు ఈ పేరా కొట్టేసేవారు.

కనుక తమరు దయతో:

అ) ఒకే విమానంలో వెళ్ళేవారిని, నంబర్లు ఎన్ని ఉన్నా, ఒకే ఫ్లైటు ప్రయాణికులుగా భావించి లాంజ్ లోనికి రానీయవలెను.

ఆ) అది వీలుకానిచో, ఇద్దరినీ రానీయకుండా ఉండవలెను.

ఇ) అదీ వీలుకానిచో, సదరు అద్దానికి టీ కప్పు పట్టేంత కిటికీ ఒకటి పెట్టించవలెను.

మంగళవారం లోపు తగు ఉత్తర్వులు ఇచ్చి, నన్ను అద్దానికి ఏదో ఒక వైపున స్థిరపరచవలసినదిగా ప్రార్థిస్తూ,

తమ విధేయురాలు,
చిట్టచివరి వరస ప్రయాణికురాలు

తా.క.: ఇది సోమవారం ఉదయం, షూ పాలిష్ మెషిను పక్కన కూర్చుని రాస్తున్నాను. అర్జీని ఇక్కడి ఫిర్యాదుల పెట్టెలో వేద్దామని సంచిలో తెచ్చుకున్నాను. ఈసారి నా టికెట్ మామూలుగానే భాగస్వామి నంబరు మీద ఉంది. ఆయనది తమ నంబరు మీదే ఉంది. లాంజ్ లోపలికి ఎవరూ ఆపకుండా వెళ్ళగలిగిన మనిషి, నేను వచ్చేసరికి బెంచీ మీద కూర్చుని ఉన్నారు. చేతుల్లో, బయటి టీ మెషినులో పట్టిన రెండు కాగితం కప్పులు. ఒకదాని మీద తన బోర్డింగ్ పాసు మూత పెట్టారు.

"ఆ విడాకుల పుస్తకం అయిపోయిందా?" అన్నారు.

"అయిపోయిందండీ. ఇప్పుడు అద్దె ఇళ్ళ చట్టం."

"హమ్మయ్య," అన్నారు. మూత పెట్టిన కప్పు నా చేతికిచ్చి, "అది మనకి పనికొస్తుంది," అన్నారు. అని, ఏమన్నారో తనకే వినిపించి, షూ పాలిష్ మెషిను వైపు తిరిగి కూర్చున్నారు. చెవులు మాత్రం నా వైపే ఉన్నాయి. ఎర్రగా ఉన్నాయి.

"మీరు లోపలికి వెళ్ళలేదేం?" అన్నాను. వాక్యం మొత్తం నేనే అన్నాను.

"లోపల టీ బావుంటుందండీ. పక్కకి చూస్తే ఎవరూ ఉండరు."

టీ నిజంగా బాగాలేదు. ఇద్దరం పూర్తిగా తాగాం. ఆయన ఈ అర్జీ అడిగి తీసుకుని చదివారు. ఒకచోట నవ్వారు. ఎక్కడో చెప్పనన్నారు.

అంతలో గుమ్మం దగ్గరి అమ్మాయి పరుగున బయటికి వచ్చింది. "మా సార్‌ని అడిగి ఒప్పించానండీ! ఈ ఒక్కరోజుకీ ఇద్దరినీ రమ్మన్నారు!"

"ఫర్వాలేదండీ," అన్నాం. ఇద్దరం ఒకేసారి అన్నాం. ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, తలుపు మెల్లగా మూసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

అత్తయ్యకు ఫోన్ చేసి ఒక్క మాట చెప్పాను. అటువైపు ఆవిడ మాట్లాడకుండా ఉండటం నేను వినడం ఇదే మొదలు.

కనుక తమరు పై అర్జీని తిరస్కరించవద్దు, మంజూరూ చేయవద్దు. తమ కార్యాలయంలో అర్జీలు ఎంతకాలం పరిశీలనలో ఉండగలవో అంతకాలం ఉంచవలెను. ఈలోగా ఈ బెంచీని మాత్రం ఎవరూ ఇక్కడి నుంచి కదపకుండా చూడవలెను.