గుమ్మం మీది హాజరు

జెద్దా, బలద్

ప్రియమైన నాయనకు,

సలాం. హాయిల్ నుంచి టమోటా లారీలో అల్లాబకాష్ మామ నీ చీటీ తెచ్చాడు. "గుడి బొమ్మలు గోడకు అంటించుకుంటాండావంట, దీన్ మర్చినావా?" ఒక్క ముక్క. అమ్మ చెప్పగానే నమ్మావు, నన్ను అడగలేదు. దేవుణ్ణి మార్చానని అమ్మ భయం, ఎవడో దొరికాడని పిన్నమ్మ అనుమానం. నాకు దొరికింది పేర్ల జాబితా, నాయనా.

కంబోడియాలో, అంకోర్ దగ్గర లోలే అని ఒక గుడి. పదకొండు వందల ఏళ్ల కిందట యశోవర్మ అనే ఖ్మేర్ రాజు తల్లిదండ్రుల పుణ్యానికి కట్టించాడు. రాజు పొగడ్త సంస్కృతంలో ఉంది. గుడికి బానిసలుగా రాసిచ్చిన మనుషుల పేర్లు మాత్రం ఖ్మేర్‌లో, గుమ్మపు రాళ్ల మీద, వరసలు వరసలుగా. నా గోడ మీదున్నవి ఆ రాళ్ల ఫొటోలే. ఆ కాలపు జాబితాల్లో "కుక్క", "కంపు" కూడా మనుషుల పేర్లే. పారిపోయి పట్టుబడినవాళ్లకు ముక్కు కోసిన సంగతీ ఉంది. పైకి చదువుతుంటే ఏసీ మోతలోంచి ఎవరో పలుకుతున్నట్టే ఉంటుంది.

అక్కడి శాసనాలకు నకళ్లు తీసే పనికి మూడు నెలలు రమ్మన్నారు. నేను ఈ దేశంలో నీ ఇఖామా, నీ నివాస పత్రం మీద ఉన్నదాన్ని. దేశం దాటి తిరిగి రావాలంటే ఎగ్జిట్ రీఎంట్రీ వీసా నువ్వే తీయాలి. జాబితా జతచేశాను, చదువు.

నీ ఇస్మత్

*

హాయిల్

తల్లీ ఇస్మతూ,

చదివినా. కూలోళ్ల రిజిస్టరు రాసేది నేనే గదా, తెలిసే పంపినావా మ్మే?

పోయినేడు బాలన్న అని నిర్మల్ జిల్లా మనిషి గోధుమ చేలో ఎండకు పడిపోయినాడు. కఫీలు, అదే మా యజమాని, వాని ఇఖామా రెన్యూ చేయించలా. ఆస్పత్రికి పోతే బయటపడతాదని షెడ్డులోనే పండబెట్టినారు. సాయంత్రానికి పోయినాడు. "హురూబ్ రాయి" అన్నాడు కఫీలు. పరారీ అని నా చేత్తోనే రాసినా.

ఆయప్ప యాడికీ పారిపోలా. పంపు షెడ్డు ఎనకాల ఇసకలో ఉండాడు. భార్య ఊర్మిల ఇంకా ఫోన్ చేస్తానే ఉంది. పొద్దున హాజరు పిలుస్తాంటే ఆ వరస కాడ "ఉన్న, బాషన్నా" అని వాని గొంతే వినపడతాది. నేను తలెత్తను.

నీ ఎగ్జిట్ రీఎంట్రీ తీసినా. పోయిరా తల్లీ. ఈ జాబు చించెయ్.

మీ నాయన

*

జెద్దా

నాయనా,

ఎగ్జిట్ రీఎంట్రీ ఫోన్‌కు వచ్చింది. జాబు చించలేదు. నిన్న లోలే జాబితా మళ్లీ తీశాను. ఏ పేరు చదివినా "ఉన్న, బాషన్నా" అనే వినిపించింది. గోడ మీది బొమ్మలన్నీ తీసేశాను, అమ్మ సంతోషించింది.

కంబోడియా వాళ్లకు రానని రాశాను. శుక్రవారం హైదరాబాద్ విమానం. అక్కణ్ణుంచి బస్సులో నిర్మల్. నీ జాబు ఊర్మిల చేతికిస్తాను.

ఇస్మత్